పితరుల గుణదోష విచారము

పూర్వులను గౌరవించుట ప్రతి జాతికిని సహజము. ఆ పూర్వుల దోషములను బిడ్డలకు చెప్పవచ్చునా, చెప్పరాదా యను ప్రశ్నయు ప్రతి జాతికిని ఎప్పుడో యొకప్పుడు ఎదురగుచునే యుండును. దీనికి సాధారణముగా రెండు సమాధానములు వినవచ్చును. పూజ్యులయందు దోషములే లేవని చెప్పి, ఉన్నవానిని కప్పిపుచ్చుట యొకటి. దోషములు కనబడినవి గనుక పూజ్యత యంతయు బూటకమని త్రోసిపుచ్చుట రెండవది. మొదటిది పిల్లవానికి అసత్యమును నేర్పును. రెండవది అశ్రద్ధను నేర్పును. ఈ రెంటికిని భిన్నమైన మూడవ మార్గ మొకటి కలదు. యూదజాతి పండితులు తమ మూలపురుషుల కథలను రెండువేల సంవత్సరములుగా చదువుచు వచ్చిన తీరునందు ఆ మార్గము స్పష్టముగా గోచరించును. తరగతి గదిలో ఇతిహాసములను, చరిత్రను బోధించు ఉపాధ్యాయులకును, వినెడి విద్యార్థులకును అది తెలియదగిన విషయమని తలచి నేడు దానిని గూర్చి ముచ్చటించుచున్నాము.

తెలుగు బైబిలున ఆదికాండ మనబడు గ్రంథమును యూదులు అందలి తొలి మాటను బట్టి ‘బెరేషీత్’ అందురు. అందు 50 అధ్యాయములు కలవు. మొదటి 11 అధ్యాయములలో సృష్టి, జలప్రళయము మున్నగు కథలు ముగియును. తక్కిన గ్రంథమంతయు ఒక్క కుటుంబము యొక్క నాలుగు తరముల చరిత్ర. అబ్రాహాము, శారా, వారి కుమారుడు ఇస్సాకు, కోడలు రిబ్కా, మనుమడు యాకోబు, అతని భార్యలు లేయా, రాహేలు, ముది మనుమలు పన్నిద్దరు. ఇందు రాజ్యములు గెలిచినవారి కథలకంటె ఇంటిలోని కథలే యధికము. సవతుల పోరు, అన్నదమ్ముల మాత్సర్యము, తలిదండ్రుల పక్షపాతము, మోసము, ఎడబాటు, తుదకు పునస్సమాగమము - ఇవియే యిందలి విషయములు.

కథ చెప్పు తీరు మిక్కిలి క్లుప్తము. పాత్ర యేమి చేసెనో గ్రంథము చెప్పును. ఏల చేసెనో తరచుగా చెప్పదు. చేసినది ధర్మమా, అధర్మమా యని పెక్కు చోట్ల నిర్ణయింపదు. ఈ మౌనమే వ్యాఖ్యాతలకు పని కల్పించినది. ‘మిద్రాష్’ అని వారు పిలుచు వ్యాఖ్యాన పద్ధతికి మూలార్థము వెదకుట, విచారించుట. ఒక మాట యెక్కువ పడినచో ఏల పడినది? ఒక మాట లోపించినచో ఏల లోపించినది? ఒకే మాట రెండు కథలలో వచ్చినచో ఆ రెంటికిని గల సంబంధ మేమి? ఇట్టి ప్రశ్నలే వారి యుపకరణములు. మల్లినాథుని చేయూతతో కాళిదాసును చదువు సంప్రదాయ మెరిగిన మనకు ఇది క్రొత్తగా తోపదు. అయితే యూదుల గ్రంథమున ఒక విశేషము కలదు. 1524-25 సంవత్సరములలో వెనిస్ నగరమున డానియేల్ బాంబర్గ్ ముద్రించిన ప్రతియందు పుట నడుమ మూలమును, దాని చుట్టును వ్యాఖ్యలును కూర్పబడినవి. తరువాతి ముద్రణములందు మరికొందరి వ్యాఖ్యలు చేరినవి. వేర్వేరు దేశములవారు, వేర్వేరు శతాబ్దములవారు ఒకే పుటలో కూర్చుండి, ఒకరి యభిప్రాయమును మరియొకరు ఖండించుచుందురు. విద్యార్థి ఆ వివాదము నంతను చదివియే మూలమును గ్రహింపవలెను.

ఆ వ్యాఖ్యాతలు పితరుల కుటుంబ జీవితము నెట్లు చూచిరో తెలియుటకు ఒక చిన్న మాటతో ఆరంభింపవచ్చును. యాకోబు తన కుమారు లందరిలో యోసేపును మిక్కిలి ప్రేమించి, అతనికి మాత్రము విచిత్రమైన యొక నిలువుటంగీ కుట్టించెను. అన్నలు అసూయ చెంది అతనిని అమ్మివేసిరి. అతడు ఐగుప్తు దేశమునకు దాసుడుగా పోయెను. ఆ పిమ్మట కరవు వచ్చి కుటుంబమంతయు అచ్చటికే పోయెను. వారి సంతతి అచ్చట దాస్యమున మ్రగ్గెను. దీనిని గూర్చి 3వ శతాబ్దికి చెందిన రావ్ అను బాబిలోనియా ఆచార్యుని బోధ యొకటి తాల్మూదు గ్రంథమున కలదు. తండ్రి యెన్నడును బిడ్డలలో ఒక్కని వేరుచేసి చూడరాదని అతని ఉపదేశము. యోసేపునకు ఇతరులకంటె అదనముగా దక్కిన వస్త్రపు తూకము రెండు సెలా నాణెముల యెత్తు మాత్రమే. ఆ కొలదిపాటి వస్త్రమే అసూయకు మూలమై పితరులను ఐగుప్తునకు దింపినదని ఆయన చెప్పెను.

ఇది చెప్పినవాడు యాకోబును ద్వేషించువాడు కాడు. యాకోబునకే ఇశ్రాయేలను నామాంతరము కలదు. ఆ జాతియంతయు ఆ పేరుతోనే పిలువబడుచున్నది. అట్టి మూలపురుషుని గూర్చి, నీవు చేసిన పక్షపాతమే జాతి దాస్యమునకు దారి తీసినదని చెప్పుటకు ఆ ఆచార్యుడు సంకోచింపలేదు. చెప్పిన దానిని తాల్మూదు సంకలన కర్తలు తొలగింపలేదు. దానిని కథగా గాక, ప్రతి తండ్రియు పాటింపవలసిన నియమముగా వారు నిలిపిరి. పూర్వుని దోషము పరిహాసమునకు గాక పాఠమునకు ఉపయోగపడినది. మేము చెప్పదలచిన సారాంశమంతయు ఈ చిన్న యుదాహరణమున ఇమిడి యున్నది.

అబ్రాహాము విషయము చూడుడు. కరవు కాలమున ఐగుప్తునకు పోవుచు, భార్య సౌందర్యమును చూచి తన్ను చంపుదురేమో యను భయమున, తన సహోదరినని చెప్పుమని అతడు శారాను కోరెను. ఆమె ఫరో యింటికి కొనిపోబడెను. 13వ శతాబ్దిలో స్పెయిను దేశపు గిరోనా నగరమున వెలసిన మోషే బెన్ నహ్మాన్ (1194-1270) అను వ్యాఖ్యాత దీనిని దాచి చెప్పలేదు. ప్రాణభయముచే సాధ్వియైన భార్యను ఆపదకు గురిచేయుట అబ్రాహాము తెలియక చేసిన మహాపరాధ మని ఆయన నిష్కర్షగా వ్రాసెను. ఆ దోషమునకు ఫలముగానే సంతతికి ఐగుప్తు ప్రవాసము విధింపబడిన దని కూడ చెప్పెను.

హాగరు కథయందు ఈ నిష్పక్షపాతము మరింత స్పష్టము. సంతానము లేని శారా తన దాసియగు హాగరును తానే భర్తకిచ్చెను. గర్భవతి యైన పిమ్మట హాగరు యజమానురాలిని చులకనగా చూచెను. శారా ఆమెను బాధింపగా ఆమె అరణ్యమునకు పారిపోయెను. శారా జాతిమాత, హాగరు పరదేశపు దాసి. అయినను మోషే బెన్ నహ్మాన్ దోషము శారాదే యనియు, అడ్డగింపని అబ్రాహామునకును అందు భాగ మున్నదనియు వ్రాసెను. ఆయనకు ముందు నార్బోన్ నగరమున నివసించిన దావీదు కిమ్హి (1160-1235) అను పండితుడు మరియొక అడుగు ముందుకు వేసెను. శారా ప్రవర్తన నీతికిని భక్తికిని సరిపడదని చెప్పి, చేతిక్రింద నున్నవారిపై తనకు గల శక్తినంతను ప్రయోగించుట మనుష్యునికి తగదని బోధించెను. ఇట్టి కథ ధర్మగ్రంథమున ఏల చేర్పబడినది యను ప్రశ్నకు, మంచిని గ్రహించి చెడును విడనాడుటకే యని ఆయన సమాధానము. అధికారము గలవారందరును, అందు ముఖ్యముగా బెత్తము పట్టినవారు, ఈ వాక్యమును మరువరాదు.

యూదుల సంవత్సరాది పండుగ మొదటి దినమున ప్రార్థనా మందిరములలో చదువు ధర్మగ్రంథ భాగము ఆదికాండము 21వ అధ్యాయము. అందు ఇస్సాకు జననముతో పాటు, హాగరును ఇష్మాయేలును ఇంటినుండి వెడలగొట్టుటయు, నీరు లేక అరణ్యమున కృశించుచున్న ఆ బాలుని మొరను దేవుడు ఆలకించుటయు వర్ణింపబడినవి. పవిత్రమైన పండుగనాడు తమ మూలమాత వెడలగొట్టించిన బాలుని మొర నొక జాతి వినుచున్నదన్న మాట. ప్రాచీన వ్యాఖ్యానము అచ్చటనే ఆగలేదు. శారా మరణానంతరము అబ్రాహాము పెండ్లాడిన కెతూరా మరెవరును గాక హాగరే యనియు, ఆమెను తండ్రి చెంతకు తోడ్కొని వచ్చినవాడు ఇస్సాకే యనియు ఒక కథ ఏర్పడినది. దీనిని అంగీకరింపని వ్యాఖ్యాతలు కలరు. అంగీకరించినవారిలో ఫ్రాన్సు దేశపు ట్రాయ్ నగరమున నివసించిన సుప్రసిద్ధ వ్యాఖ్యాత రాషి (1040-1105) ఒకడు. మూలమున లేని యీ కథను అల్లినవారి హృదయ మెట్టిదో పాఠకులు ఊహింపగలరు. జరిగిన అన్యాయము సరిదిద్దబడవలె ననియు, అది కుమారుని చేతిమీదుగా సరిదిద్దబడవలె ననియు వారు కోరుకొనిరి.

దోషములను ఎత్తిచూపుటయే వారి పని యనుకొనుట పొరపాటు. గృహజీవనమునకు ఆధారమైన సూక్ష్మ గుణములను కూడ వారు అంతే శ్రద్ధతో వెదకిరి. వార్ధక్యమున బిడ్డ కలుగునని వినినప్పుడు శారా లోలోన నవ్వుకొని, తన భర్త వృద్ధుడు గదా యని తలచెను. దేవుడు ఆ మాటను అబ్రాహామునకు తెలుపునప్పుడు, తాను వృద్ధురాలనని ఆమె తలచినట్లుగా మార్చి చెప్పెను. ఒక్క మాటలోని యీ భేదమును పట్టుకొని తాల్మూదు పండితులు, దంపతుల నడుమ శాంతి కొరకు దేవుడు సైతము మాటను మార్చెనని వివరించిరి. సత్యమును అంతగా ప్రేమించిన జాతి, ఇంటి శాంతికి ఇచ్చిన విలువ ఇది.

ఇస్సాకు రిబ్కాల కథ తలిదండ్రులకును ఉపాధ్యాయులకును మరింత సన్నిహితమైనది. వారికి కవలలు పుట్టిరి. ఏశావు వేటగాడయ్యెను, యాకోబు గుడారములలో నివసించు సాధువయ్యెను. తండ్రి ఏశావును, తల్లి యాకోబును ప్రేమించిరి. దృష్టి మందగించిన వృద్ధుడు ఏశావును ఆశీర్వదింపబోవగా, తల్లి ప్రోద్బలముతో యాకోబు అన్న వేషమున వచ్చి ఆ దీవెనను పొందెను. ఇచ్చట వ్యాఖ్యాతల మొదటి ప్రశ్న యిది: రిబ్కా తన మనసులోని మాటను భర్తతోనే ఏల చెప్పలేదు? వొలోజిన్ విద్యాపీఠమునకు అధ్యక్షుడైన నఫ్తాలి త్స్వి యెహూదా బెర్లిన్ (1816-1893) దీనికి సమాధానమును ఆ దంపతుల తొలి సమావేశమునందే వెదకెను. పొలములో ఎదురు వచ్చుచున్న ఇస్సాకును దూరమునుండి చూచి రిబ్కా ఒంటె దిగి ముసుగు వేసికొనెను. ఆ నాడు ఆమె హృదయమున నాటుకొనిన బెదురు జీవితాంతము తొలగలేదు. శారా అబ్రాహాముతోను, రాహేలు యాకోబుతోను మాటాడినట్లు ఆమె భర్తతో చనువుగా మాటాడలేకపోయెను. నోరు విప్పి చెప్పవలసిన దానిని ఉపాయముతో సాధింపవలసి వచ్చెను అని ఆయన వివరణము. మోసము చెడుబుద్ధినుండియే పుట్టనక్కరలేదు. మాటాడుకొనలేని యింటిలో కూడ అది పుట్టును.

రెండవ ప్రశ్న: ఒకే తలిదండ్రుల బిడ్డలలో ఒకడు ఏల దారి తప్పెను? జర్మనీ దేశమున ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు ఆచార్యుడు సాంసన్ రఫాయేల్ హిర్ష్ (1808-1888) ఇచ్చిన సమాధానము ప్రతి పాఠశాలయందును చర్చింపదగినది. దోషము పెంపకమునందే కలదని ఆయన వ్రాసెను. కవలలు చిన్నవారై యున్నంత కాలము వారి స్వభావ భేదమును ఎవరును గమనింపలేదు. ఇద్దరిని ఒకే బల్లపై కూర్చుండబెట్టి ఒకే రీతిగా విద్య గరపిరి. యాకోబునకు ఆ విద్య సరిపడినది. బలమును చురుకుదనమును గల ఏశావు మాత్రము ఆ చదువు ముగియు దినము కొరకే వేచియుండెను. అతని స్వభావమును గుర్తించి, ఆ శౌర్యమునకు తగిన మార్గమును చూపి యుండినచో అది ధర్మమునకే వినియోగపడి యుండెడిదని హిర్ష్ యభిప్రాయము. ధర్మగ్రంథము మహాత్ముల దోషములను మనకు దాచదనియు, దాచకుండుటయే దాని విశ్వసనీయతకు నిదర్శన మనియు ఆయన విశ్వాసము. అరువదిమంది బాలురకు ఒకే పాఠమును ఒకే రీతిగా ఒప్పజెప్పించు తరగతులలో, వెనుక వరుసను మొండివారని పేరుపడిన ఏశావు లెందరు కూర్చుండి యున్నారో ఎవరు చెప్పగలరు?

ఏశావు యూదుల సంప్రదాయమున ప్రతినాయకుడు. ఆ పేరు పిమ్మట రోమునకు సంకేతమైనది. అయినను అతనికి న్యాయముగా దక్కవలసిన దానిని పండితులు దక్కనిచ్చిరి. రబ్బన్ షిమోన్ బెన్ గమలీయేలు తాను తండ్రికి జీవితమంతయు చేసిన సేవ, ఏశావు తన తండ్రికి చేసిన సేవలో నూరవ భాగము కాదని చెప్పెనట. తాను మాసిన బట్టలతో తండ్రిని సేవించుచుండగా, ఏశావు శ్రేష్ఠ వస్త్రములు ధరించి గాని తండ్రి యెదుటికి పోలేదట. దీవెన చేజారిన నాడు ఏశావు పెట్టిన పెనుకేక కూడ వ్యర్థము కాలేదు. శతాబ్దముల పిదప పారసీకుల రాజధాని షూషనులో యాకోబు వంశీయుడగు మొర్దెకై అట్టి కేకయే పెట్టవలసి వచ్చెను. అది ఏశావు కన్నీటికి చెల్లించిన మూల్య మని మిద్రాష్ లెక్క కట్టెను. తమ పితరుడు అన్యుని ఏడ్పించిన ఒక్క యేడుపునకు తమ వంశమే జవాబుదారి యని చెప్పుకొనుటకు ఎంతటి ధర్మనిష్ఠ కావలెను!

ఈ విధముగా కొలతకు కొలత తిరిగి చెల్లించుట యాకోబు చరిత్రకు కేంద్రము. అతడు మేనమామ లాబాను ఇంట రాహేలు కొరకు 7 సంవత్సరములు కొలువు చేసెను. వివాహపు రాత్రి మామ ఆమెకు బదులు అక్క లేయాను పంపెను. తెల్లవారిన తరువాత యాకోబు లేయాను నిందించెననియు, రాత్రియంతయు రాహేలని పిలువగా ఏల పలికితివని అడిగెననియు మిద్రాష్ కల్పించినది. లేయా ప్రత్యుత్తరము చురుకైనది. శిష్యులు లేని గురువుండునా యని ఆమె ఎదురు ప్రశ్న వేసినది. తండ్రి ఏశావని పిలువగా పలికిన వాని యొద్దనే తానీ విద్య నేర్చితినని ఆమె భావము. తలిదండ్రుల నడవడియే బిడ్డలకు పాఠము, ఉపాధ్యాయుని నడవడియే విద్యార్థికి పాఠము అను నీతిని ఇంతకంటె తీక్ష్ణముగా చెప్పుట కష్టము.

ఆ రాత్రియందే మరియొక పాత్ర ఔన్నత్యమును కూడ వారు చూచిరి. లాబాను మోసమును ముందే శంకించి యాకోబు రాహేలునకు కొన్ని రహస్య సంకేతములు తెలిపెననియు, అక్క పదుగురిలో అవమానము పొందునని జాలిపడి రాహేలు ఆ సంకేతములను ఆమెకు చెప్పివేసెననియు తాల్మూదు కథనము. తన ప్రేమను, తన వివాహమును పణముగా పెట్టి అక్క మానమును కాపాడిన రాహేలు, పిమ్మటి కాలమున ప్రవాసులైన ప్రజల కొరకు దేవుని యెదుట మొరపెట్టునప్పుడు ఆ త్యాగమునే ఆధారముగా చూపినదని మరియొక వ్యాఖ్యానము చెప్పుచున్నది. అట్టి రాహేలు బిడ్డలు లేక దుఃఖించి భర్తతో మొరపెట్టుకొనగా యాకోబు కోపించి పరుషముగా మాటాడెను. దుఃఖమున ఉన్నవారికి చెప్పు సమాధాన మిదియేనా యని దేవుడు అతనిని మందలించెననియు, ఇతర భార్యల కుమారులు ఒకనాడు ఆమె కుమారుని యెదుట చేతులు కట్టుకొని నిలుతురని చెప్పెననియు మిద్రాష్ వ్రాసినది.

మేకపిల్లల చర్మముతో తండ్రిని మోసగించిన యాకోబును, అతని కుమారులు మేక నెత్తుటితో తడిపిన అంగీని చూపి మోసగించిరి. అతడు తలిదండ్రులను విడిచి వారికి సేవ చేయక గడపిన కాలము 22 సంవత్సరములు. యోసేపు అతనికి దూరమైన కాలమును సరిగా 22 సంవత్సరములే యని పండితులు లెక్కించి చూపిరి. 17వ యేట అమ్మబడిన యోసేపు 30వ యేట ఫరో యెదుట నిలిచెను. 7 సంవత్సరముల సమృద్ధి, 2 సంవత్సరముల కరవు గడచిన పిమ్మట తండ్రిని చూచెను. యోసేపు సైతము నిర్దోషి కాడు. అన్నలను గూర్చి తండ్రికి కొండెములు చెప్పెననియు, దాసీపుత్రులను వారు దాసులని హీనపరచుచున్నారని ఆరోపించిన యతడు తానే దాసుడుగా అమ్మబడెననియు వ్యాఖ్యాతల వివరణము.

ఇట్లు దోషమునకు ఫలము తరతరములుగా తిరిగి వచ్చుచుండుటయే కథ యైనచో అది కేవలము దుఃఖచరిత్ర యగును. ఈ గొలుసును త్రెంచినవాడు యూదా. యోసేపును అమ్ముడని సలహా ఇచ్చినవాడు అతడే. నెత్తుటి అంగీని తండ్రికి చూపి గుర్తుపట్టుమని అడిగినప్పుడు వాడబడిన హీబ్రూ మాటలు ‘హక్కెర్ నా’. తరువాతి అధ్యాయమున, యూదా చేత అన్యాయము పొంది, అతనివలననే గర్భవతియై, మరణశిక్షకు కొనిపోబడుచున్న కోడలు తామారు, అతని ముద్రికను, దారమును, చేతికఱ్ఱను పంపి ఇవి యెవరివో గుర్తుపట్టుమని అడిగిన మాటలును అవియే. నీవు తండ్రిని అడిగిన ప్రశ్నయే నేడు నిన్ను అడుగుచున్నదని మిద్రాష్ ఆ రెండు చోట్లను ముడివేసినది. తామారు అతని పేరును బహిరంగముగా చెప్పలేదు. పదుగురి యెదుట ఒకని సిగ్గుపరచుటకంటె అగ్నిలో పడుట మేలని పండితులు ఆమె నడతనుండి నేర్చుకొనిరి. మౌనముగా తప్పించుకొనుటకు అవకాశమున్నను యూదా తప్పించుకొనలేదు. న్యాయము ఆమె పక్షముననే యున్నదని అందరి యెదుట ఒప్పుకొనెను.

ఆ పిమ్మట ఐగుప్తున బెన్యామీను దొంగతనపు నిందపై చిక్కుకొనగా, తమ్మునికి బదులు తన్ను దాసునిగా ఉంచుకొమ్మని యూదా వేడుకొనెను. ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. తండ్రి పక్షపాతము మారలేదు. అంతకుముందు యోసేపుపై ఉన్న మమకారము ఇప్పుడు రాహేలు రెండవ కుమారుడగు బెన్యామీనుపై నిలిచినది. ఒకనాడు ఆ మమకారమును సహింపలేక తమ్ముని అమ్మినవాడు, నేడు అదే మమకారమును కారణముగా చూపి, ఈ బాలుడు లేనిచో తండ్రి బ్రతుకడని చెప్పి, తన స్వేచ్ఛను ధారపోయుచున్నాడు. 12వ శతాబ్ది తత్త్వవేత్త మైమోనిడీసు, తప్పు చేసిన పరిస్థితియే మరల ఎదురైనప్పుడు శక్తియుండియు ఆ తప్పు చేయకుండుట సంపూర్ణ పశ్చాత్తాప మని నిర్వచించెను. ఆ నిర్వచనమునకు యూదా కథకంటె తగిన దృష్టాంతము దొరకదు. అతని పేరునకు మూలమైన హీబ్రూ ధాతువునకు కృతజ్ఞతతో స్తుతించుట, ఒప్పుకొనుట యను రెండర్థములును కలవు. ఆ గోత్రము పేరు పిమ్మట రాజ్యమునకును, రాజ్యము పేరు జాతికిని సంక్రమించి, వారు యూదు లనబడిరి. దోషరహితుని పేరు గాక, దోషము నొప్పుకొనినవాని పేరు జాతికి నిలిచినది.

ఈ సంప్రదాయమున ప్రతిపక్షము కూడ కలదు; దానిని చెప్పకుండుట న్యాయము కాదు. యాకోబు జ్యేష్ఠ పుత్రుడు రూబేను తండ్రి శయ్య విషయమున అపచారము చేసెనని మూలము చెప్పుచుండగా, అతడు పాపము చేసెననువాడే పొరబడినవాడని తాల్మూదులో ఒక ఆచార్యుని వాదము. తన తల్లి లేయాకు జరిగిన అవమానమును సహింపలేక తండ్రి పడకను మార్చెను, అంతే యని వివరణము. పూర్వులను అతిగా విమర్శించుట అహంకారమునకు దారితీయునని భయపడినవారు ప్రతి తరమునను ఉండిరి, నేటికిని ఉన్నారు. వారి భయము నిరాధారము కాదు. గొప్పవారి తప్పులను లెక్కించుటలో తాను గొప్పవాడైనట్లు భ్రమించుట బాలురకు సులభము. అయితే ఒక నిబంధనను చూడుడు. పూర్వకాలమున ప్రార్థనా మందిరములలో హీబ్రూ మూలమును చదువుచుండగా, సామాన్యులకు తెలియుటకై ఒకరు అరమాయిక్ భాషలోనికి అనువదించుచుండిరి. రూబేను కథను చదువవచ్చును గాని అనువదింపరాదని మిష్నా విధించినది. తామారు కథను చదువవలెను, అనువదింపను వలెను అని విధించినది. యూదా గౌరవమునకు భంగము కాదా యన్న సందేహమునకు, కాదు, ఒప్పుకొనుటయే అతనికి కీర్తి యని తాల్మూదు సమాధానము చెప్పినది. ఏది చెప్పవలెను, ఏది వయస్సు వచ్చువరకు ఆపవలెను అను వివేకము ఇందు కలదు. ఆపుట వేరు, చెరుపుట వేరు. రూబేను కథను సైతము వారు గ్రంథమునుండి చెరుపలేదు.

ఇటీవలి కాలమున ఈ విద్యను ప్రజల ముంగిటికి తెచ్చినది ఒక ఉపాధ్యాయిని. రీగా నగరమున 1905లో జన్మించి, జెరూసలేమున స్థిరపడిన నెహామా లైబోవిట్స్ 1942 మొదలు దాదాపు 30 సంవత్సరములు వారము వారము ప్రశ్నపత్రములను తయారుచేసి పంపుచుండెను. ఆ వారము చదువబడు భాగముపై ఇద్దరు ముగ్గురు వ్యాఖ్యాతల వాక్యములను ఎదురెదురుగా నుంచి, వీరికి భేద మెచ్చట, కారణమేమి, మూలమున ఏ మాట ఎవరిని బలపరచును అని ఆమె అడుగును. రైతులు, సైనికులు, గృహిణులు, ఉపాధ్యాయులు సమాధానములు వ్రాసి పంపగా ఎఱ్ఱసిరాతో దిద్ది తిరిగి పంపును. ఆమె 1997లో మరణించెను. ఆమె కోరిక మేరకు సమాధిపై పేరుతో పాటు చేర్చిన బిరుదు ఒక్కటే: ఉపాధ్యాయిని.

మన పాఠశాలలకు ఇందు గ్రహింపవలసినది పరమతము కాదు, పఠన పద్ధతి. పూజ్యుని కథను చెప్పునపుడు విద్యార్థి నిలుచుండి, ఇది న్యాయమా యని యడిగినచో గద్దించి కూర్చుండబెట్టరాదు. ఆ ప్రశ్నను నల్లబల్లపై వ్రాయవలెను. మూలమున ఏమున్నదో మరల చదివింపవలెను. సమర్థించువారి వాదమును, విమర్శించువారి వాదమును వినిపింపవలెను. తరువాత ఒక ప్రశ్న మిగులును: ఆ పూర్వుడు తన తప్పును తెలిసికొనెనా? తెలిసికొని మారెనా? మారినచో అతడు మునుపటికంటె పూజ్యుడే యగును. మారనిచో, అతనికి బదులు మారవలసిన బాధ్యత చదువరిదే యగును.

శుక్రవారపు రాత్రి యూద గృహములలో తలిదండ్రులు కుమారుల తలపై చేయి యుంచి, యోసేపు కుమారులగు ఎఫ్రాయిము, మనష్షేల వలె కమ్మని దీవించు ఆచారము కలదు. తాత యాకోబు వృద్ధాప్యమున సైతము చేతులు మార్చి చిన్నవానికే పెద్ద దీవెన యిచ్చెను. పాత పక్షపాతము చివరివరకు పోలేదు. అయినను ఆ అన్నదమ్ముల నడుమ కలహము పుట్టినట్లు ఆదికాండమున ఎచ్చటను లేదు. నాలుగు తరముల అసూయ వారి యెదుట నిలువలేకపోయినది. పూర్వుల దోషములను దాచక చెప్పిన గ్రంథము, వానిని దాటిన పిల్లలను కూడ చూపగలిగినది. బోధించువారు ఈ రెంటిని కలిపి బోధింతురు గాక.